ముందు టైరు, తర్వాతే రిమ్ము

(హైదరాబాద్‌లో ఫోర్ బై ఫోర్ బండ్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆఫ్‌రోడ్ బండికి కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి బయట కొనుక్కునేటప్పుడు ఏం చూడాలో చెప్పమన్నారు. నేను చెప్పదలుచుకున్నది మొదటే చెప్పేస్తాను. టైరు ముందు ఎంచుకోండి. ఆ టైరుకి ఏ రిమ్ము కావాలో తర్వాత చూడండి. అది కూడా మీ బ్రేకులకి తగలకుండా పట్టేవాటిలో అన్నిటికంటే చిన్న రిమ్ము తీసుకోండి.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. షాపుకి వెళ్తారు. గోడకి వరసగా రిమ్ములు వేలాడుతుంటాయి. నల్లటి 20 అంగుళాల రిమ్ము ఒకటి కంటికి నచ్చుతుంది. దీనికి పట్టే టైరు ఏదుందని అడుగుతారు. షాపువాళ్ళు స్టాకులో ఉన్నది ఎక్కించి పంపిస్తారు. ఇంటి ముందు నిలబెడితే బండి చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ అదే బండి అనంతగిరి కొండల వైపు రాళ్ళ బాటలో దిగితే, ఒక్క రాయి గట్టిగా తగిలినా రిమ్ము అంచు వంగిపోతుంది. రాయికి, రిమ్ముకి మధ్య అడ్డుపడాల్సిన రబ్బరు అక్కడ లేదు.

ఆఫ్‌రోడ్‌లో పని చేసేది ఆ రబ్బరే. టైరు పక్క భాగం, మనం సైడ్‌వాల్ అంటామే, అదీ, దాని లోపలి గాలీ. రాయి ఎక్కేటప్పుడు వంగేది అదే, ఇసుకలో పరుచుకునేది అదే, గుంతలో దెబ్బ కాచేది అదే. రిమ్ము పని ఆ టైరుని పట్టుకుని హబ్బుకి, అంటే ఇరుసు చివర చక్రం బిగించే భాగానికి, అంటిపెట్టుకుని ఉండడం. అంతకంటే దానికి వేరే పని లేదు.

అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. టైరు మీద 255/65 ఆర్18 అని ఉందనుకోండి. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు. 18 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 2024 ఆగస్టులో వచ్చిన మహీంద్రా థార్ రాక్స్‌ తీసుకోండి. కింది వేరియంట్లకి 255/65 ఆర్18 ఇచ్చారు, పై వేరియంట్‌కి 255/60 ఆర్19 ఇచ్చారు. పైనా కిందా సైడ్‌వాల్ ఎత్తు, మధ్యలో రిమ్ము వ్యాసం కలిపి రెండు టైర్ల మొత్తం ఎత్తూ లెక్క కట్టి చూడండి, రెండూ దాదాపు 789 మిల్లీమీటర్లే. బండి ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవలేదు. సైడ్‌వాల్ మాత్రం 166 నుంచి 153కి తగ్గింది. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ళకి 13 మిల్లీమీటర్ల రబ్బరు తక్కువ వచ్చింది. సిటీలో, హైవేలో తిరిగేవాళ్ళకి అందులో తప్పేమీ లేదు, మలుపుల్లో బండి కుదురుగా ఉంటుంది. రాళ్ళలోకి వెళ్ళేవాళ్ళు మాత్రం ఈ లెక్క ముందు వేసుకోవాలి.

2020లో వచ్చిన మూడు డోర్ల థార్‌లో కూడా ఇదే కథ. పై వేరియంట్ ఎల్‌ఎక్స్‌కి 255/65 ఆర్18, కింది వేరియంట్ ఏఎక్స్‌కి 245/75 ఆర్16 స్టీలు రిమ్ము. ఏఎక్స్ సైడ్‌వాల్ 184 మిల్లీమీటర్లు. తక్కువ ధర బండికే బురదకి, బండలకి పనికొచ్చే టైరు పడింది. ఎల్‌ఎక్స్ కొన్నవాళ్ళలో బాగా తిరిగేవాళ్ళు చాలామంది 18 తీసేసి 16కి దిగుతారు. కంపెనీయే ఆ బండికి 16 ఇచ్చింది కాబట్టి సాధారణంగా బ్రేకు కాలిపర్, అంటే బ్రేకు డిస్కుని నొక్కి పట్టే భాగం, అడ్డురాదు. అయినా బయటి రిమ్ము కొనేముందు ఒక్క చక్రం తొడిగి, చేత్తో తిప్పి చూసుకోవాలి. లోపలి ఆకారం ఒక్కో రిమ్ముకి ఒక్కోలా ఉంటుంది.

ఇక గాలి. టైరు గురించి మాట్లాడుతూ గాలి గురించి మాట్లాడకపోతే సగం చెప్పినట్టే. ఒక మారుతి జిమ్నీ తీసుకుందాం. బండి బరువు సుమారు 1200 కిలోలు, ఒక్కో చక్రం మీద దగ్గర దగ్గర 300 కిలోలు. ఆ బరువుని మోసేది లోపలి గాలి ఒత్తిడి. 28 పీఎస్ఐ ఉంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2 కిలోలు. అంటే నేలని తాకే రబ్బరు 150 చదరపు సెంటీమీటర్లు ఉంటే చాలు, బరువు మోసేస్తుంది. ఆ గాలి సగానికి తగ్గించారనుకోండి, అదే బరువు మోయడానికి రెట్టింపు వైశాల్యం కావాలి. టైరు కిందికి కుంగి అంత రబ్బరునీ నేల మీద పరుస్తుంది. సైడ్‌వాల్‌కి సొంత బిగువు ఉంటుంది కాబట్టి నిజంలో సరిగ్గా రెట్టింపు రాదు, దానికి దగ్గరగా వస్తుంది. ఇందులో గమనించాల్సింది, ఆ పరుచుకోవడం ఎక్కువగా పొడవునా జరుగుతుంది, అడ్డంగా తక్కువ. ఇసుకలో బండిని దిగబడకుండా కాపాడేది ఆ పొడవే. అందుకే ఇసుక కోసమని వెడల్పు టైర్ల మీద డబ్బు పోసేముందు, ఉన్న టైర్లలో గాలి తీసి చూడమంటాను.

సైడ్‌వాల్ పొట్టిగా ఉంటే ఈ పని చేయలేదు. గాలి తీస్తే కుంగడానికి చోటుండదు, రిమ్ము వెళ్ళి రాయికి తగులుతుంది. పెద్ద రిమ్ము వద్దని నేను ఇంత పట్టుదలగా అనడానికి అసలు కారణం ఇది.

గాలి ఎంతకి దించాలి అంటే, కచ్చా దారిలో, మొరంలో 24, 25 పీఎస్ఐ చాలు. రాళ్ళలో 18 నుంచి 20. వదులు ఇసుకలో 15 నుంచి 18. అంతకంటే కిందికి వెళ్తే మామూలు రిమ్ము మీద టైరు అంచు ఊడిపోయే ప్రమాదం ఉంది, ముఖ్యంగా స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు. గాలి తీశాక నెమ్మదిగానే నడపాలి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ గాలి నింపాలి, లేకపోతే సైడ్‌వాల్ వేడెక్కి లోపల నుంచి పాడవుతుంది. మన ఎండల్లో, రామగుండంలో, ఖమ్మంలో మే నెల తారు రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు. టైర్లకి లక్ష రూపాయలు పెట్టడానికి సిద్ధపడి, గాలి నింపే మంచి కంప్రెషర్, గాలి కొలిచే నమ్మకమైన గేజీ కొనడానికి వెనకాడేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ రెండూ లేకపోతే ఆ టైర్లలో సగం గుణం వాడుకోనట్టే.

ఇసుక మాట వచ్చింది కాబట్టి ఒక్క విన్నపం. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర నుంచి వేసవి మొదటి దాకా గుడ్లు పెడతాయి. సముద్రపు ఒడ్డు ఇసుకలో బండి తోలితే ఆ గూళ్ళు నలిగిపోతాయి. సూర్యలంక అయినా ఇంకెక్కడైనా బీచి మీదికి బండి దించకండి. ఇసుక సాధన కావాలంటే అనుమతి తీసుకున్న పట్టా భూమి చూసుకోవచ్చు. అడవుల మాట కూడా అంతే. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో అనుమతించిన దారి వదిలి లోపలికి వెళ్ళడం నేరం.

సరే, ఏ రకం టైరు? హెచ్‌టీ అంటే హైవే టైరు, ఏటీ అంటే అన్ని రకాల నేలలకీ, ఎంటీ అంటే బురద టైరు. ఈ మూడు పేర్లూ మీ అందరికీ తెలుసు. తేడా గ్రిప్పు దిమ్మెల మధ్య ఖాళీలో ఉంది. ఎంటీలో దిమ్మెలు పెద్దవి, మధ్య సందులు వెడల్పు. చక్రం తిరిగేటప్పుడు ఆ సందుల్లోంచి బురద బయటికి ఎగిరిపోవాలి, అదీ దాని పని. బురద అంటుకుని ఉండిపోతే ఎంత గొప్ప టైరైనా నున్నటి డ్రమ్ములాగే తిరుగుతుంది.

ఇక్కడ మన నేలల సంగతి చూడాలి. కర్నూలు, ఆదిలాబాద్, ప్రకాశం, గుంటూరు జిల్లాల నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, జిగురుగా మారి మడ్‌గార్డు లోపల దాకా పేరుకుంటుంది. ఏటీ టైరు సన్నటి సందులు రెండు చుట్లలో పూడుకుపోతాయి. వానాకాలంలో రేగడి పొలాల్లో తిరగడం మీకు రోజువారీ పనైతే ఎంటీ వేసుకోండి, నేను సంతోషంగా వేసుకోమంటాను. తెలంగాణ ఎర్ర చెల్క నేల అలా కాదు. నీళ్ళు త్వరగా ఇంకుతాయి, కింద మొరం గట్టిగా తగులుతుంది. అక్కడ ఏటీ సరిపోతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు బండల మీద పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనం, తగ్గించిన గాలి. అక్కడ కూడా మంచి ఏటీ చాలు. మారేడుమిల్లి, లంబసింగి ఘాట్లలో తడి తారు, నాచు, మలుపులు ఉంటాయి. అక్కడికి ఎంటీ వేసుకుని వెళ్ళడం తెలిసి తెలిసి ప్రమాదంలోకి వెళ్ళడమే. ఎంటీ దిమ్మెల మీద నీటిని చీల్చే సన్నటి గీతలు తక్కువ. తడి తారు మీద బ్రేకు వేస్తే బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది.

మిమ్మల్ని మీరు నిజాయితీగా ఒక ప్రశ్న అడగండి. పోయిన సంవత్సరం మీ బండి తిరిగిన కిలోమీటర్లలో ఎన్ని తారు రోడ్డు మీద, ఎన్ని బయట? ఆఫీసుకి, అత్తగారింటికి, ఓఆర్‌ఆర్ మీద ఎయిర్‌పోర్టుకి తిరిగే బండికి నూటికి తొంభై పాళ్ళు తారే ఉంటుంది. పిల్లలు ఆ బండిలోనే కూర్చుంటారు. వాళ్ళకి కావాల్సింది వానలో ఆగే టైరు. అందుకే ఇక్కడున్న ఎక్కువమందికి నా సలహా ఏటీ. అపోలో, సియట్, ఎంఆర్‌ఎఫ్, జేకే, యోకొహామా అందరికీ ఏటీలు ఉన్నాయి. కంపెనీ పేరు కంటే మీ సైజులో, మీ బరువుకి తగ్గది దొరుకుతోందా అన్నది ముఖ్యం.

దొరకడం గురించి కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. లైసెన్సు లేకుండా తెప్పించడం కుదరదు. అప్పటి నుంచి కొన్ని విదేశీ సైజులు నాలుగు దొరికితే ఐదోది దొరకదు. మన దగ్గర తయారీకి కొదవ లేదు. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ ఉంది, చిన్నపండూరులో అపోలో ఉంది. కానీ వాళ్ళు ఎక్కువ అమ్ముడుపోయే సైజులే ఎక్కువ చేస్తారు. మీరు అరుదైన సైజు వేసుకుని, నంద్యాల దాటాక సైడ్‌వాల్ కోసుకుపోయిందనుకోండి, ఎన్ని రోజులు ఆగాలి? సైడ్‌వాల్ కోతకి పంక్చర్ షాపులో మందు లేదు, ప్లగ్గు అక్కడ నిలవదు. టైరే మార్చాలి. కాబట్టి మీరు ఎంచుకునే సైజు కనీసం రెండు మూడు భారతీయ బ్రాండ్లలో దొరకాలి.

జిమ్నీ యజమానులకి దీంట్లో ఒక మేలైన దారి ఉంది. జిమ్నీకి వచ్చేది 195/80 ఆర్15, ఎత్తు 693 మిల్లీమీటర్లు. బొలెరోకి వచ్చేది 215/75 ఆర్15, ఎత్తు 703 మిల్లీమీటర్లు దాటి కొంచెం. తేడా ఒకటిన్నర శాతం. బొలెరో లేని మండలం మన రెండు రాష్ట్రాల్లో లేదు, ఆ టైరు లేని షాపూ దాదాపు లేదు. జిమ్నీ 5.5 అంగుళాల కంపెనీ రిమ్ముకే అది ఎక్కుతుంది. రిమ్ముకి పైసా పెట్టక్కర్లేదు. 235/75 ఆర్15 కావాలంటే ఎత్తు 733 దాటుతుంది, దాదాపు 6 శాతం ఎక్కువ. దానికి కనీసం 6 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బంపరుకో, లోపలి సస్పెన్షన్ ఆర్ముకో రాసుకునే అవకాశం ఉంది, సస్పెన్షన్ లేపాల్సి రావచ్చు. ఒకదాని వెనక ఒకటి ఖర్చు.

సైజు పెంచితే ఏమవుతుందో కూడా చూద్దాం. టైరు ఎత్తు పెరిగితే బండి కింద ఖాళీ అందులో సగమే పెరుగుతుంది. థార్ ఏఎక్స్ టైరు 774 మిల్లీమీటర్లు. దాని బదులు 285/75 ఆర్16 వేస్తే 834. తేడా 60, ఇరుసు మధ్య కిందికి వేలాడే గేర్ల గుండు, డిఫరెన్షియల్ అంటామే, దాని కింద మీకు దొరికేది 30. ఆ 30 కోసం చెల్లించేది ఏమిటంటే, గేరింగ్ 7.75 శాతం మారుతుంది, అంటే ఇంజన్ అన్నే చుట్లు తిరిగినా బండి అంత ఎక్కువ దూరం పోతుంది. నేల దగ్గరికి చేరే తోపు ఇంచుమించు అంతే తగ్గుతుంది. రాళ్ళలో మెల్లగా పాకాల్సిన చోట బండి త్వరపడుతుంది, క్లచ్చు మీద భారం పడుతుంది. స్పీడోమీటరు 100 చూపిస్తే అసలు వేగం 107 దాటొచ్చు. చక్రం బరువు పెరిగితే బ్రేకులు దాన్ని ఆపడానికి ఎక్కువ కష్టపడాలి. ఘాట్ దిగేటప్పుడు అది కాలికి తెలుస్తుంది. టెయిల్‌గేట్ మీద వేలాడే స్టెప్నీ బరువు పెరిగి కీళ్ళు వదులవుతాయి. అందుకని కంపెనీ ఎత్తు మీద 3 శాతం దాకా అయితే నిశ్చింతగా వెళ్ళండి. అంతకు మించితే గేర్లు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ కలిపి ఆలోచించాల్సిందే.

వెడల్పు సంగతి. సన్న టైరు అంటే నామోషీగా చూస్తున్నారు ఇప్పుడు. మన ఊళ్ళలో దశాబ్దాల పాటు తిరిగిన పాత జీపులకి 6.00-16 టైర్లు, అంటే 6 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము, ఉండేవి, సన్నగా, ఎత్తుగా. దమ్ము చేసిన మడి పక్క బాటలో పైన జారుడు బురద, కింద గట్టి నేల ఉంటుంది. సన్న టైరు ఆ బురదని కోసుకుంటూ వెళ్ళి కింది నేలని అందుకుంటుంది. వెడల్పు టైరు బురద మీదే తేలి జారుతుంది. అడుగు లేని బురదలో వెడల్పుకి కొంత లాభం ఉంది, కానీ అలాంటి చోటికి దిగకపోవడమే తెలివి.

టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే లోడ్ ఇండెక్స్ తప్పకుండా చదవండి. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, 100 అంటే 800, 104 అంటే 900, 112 అంటే 1120. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దాని పక్క అక్షరం వేగానిది. క్యూ అంటే 160, ఎస్ అంటే 180, టీ అంటే 190 కిలోమీటర్లు. చాలా ఎంటీలు క్యూ రేటింగుతో వస్తాయి.

లోడ్ ఎక్కువ మోసేది ఎప్పుడూ మంచిదే అనుకోవడం కూడా సరికాదు. ఎల్‌టీ అని రాసి ఉండే టైర్లు లైట్ ట్రక్కులవి. వాటిలో లోడ్ రేంజ్ సీ, డీ, ఈ అని ఉంటాయి, ఆరు, ఎనిమిది, పది ప్లై, అంటే టైరు లోపలి పొరల, బలంతో సమానం. ఈ రేంజి టైరు ఫార్చ్యూనర్ మీద, సామాను నింపుకున్న ఇసుజు వీ-క్రాస్ పికప్ మీద పని చేస్తుంది. అదే టైరు జిమ్నీకి వేస్తే ఆ తేలిక బండి దాన్ని వంచలేదు. 15 పీఎస్ఐకి దించినా సైడ్‌వాల్ నిలబడే ఉంటుంది, పరుచుకోదు. తారు మీద ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. ఎక్కువ ధర పెట్టి తక్కువ పట్టు కొనుక్కున్నట్టవుతుంది. తేలిక బండికి మామూలు ఏటీ లేదా సీ రేంజి దాకా చాలు.

తయారైన తేదీ చూడటం మర్చిపోవద్దు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. షాపులో ఏళ్ళ తరబడి పడి ఉన్న టైరుని తగ్గింపు ధరకి ఇస్తామంటే మీరే ఆలోచించుకోండి, రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. ఐఎస్ఐ గుర్తు లేని టైరు మన దేశంలో అమ్మకూడదు. అదీ చూడండి.

టైరు తేలింది కాబట్టి ఇప్పుడు రిమ్ము దగ్గరికి వద్దాం.

మొదటిది పీసీడీ. అన్ని బోల్టుల కేంద్రాల గుండా గీసిన వృత్తం వ్యాసం అది. జిమ్నీ, పాత జిప్సీ, రెంటికీ 5 బోల్టులు, 139.7 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనర్, హైలక్స్, మన శ్రీసిటీలో తయారయ్యే వీ-క్రాస్, వీటికి 6 బోల్టులు, 139.7. ఆరు బోల్టులైతే ఎదురెదురు బోల్టుల మధ్య కొలిస్తే సరిపోతుంది. ఐదు బోల్టులకి ఎదురు బోల్టు ఉండదు. పక్కపక్క రెండు బోల్టుల మధ్య దూరం కొలిచి 1.701తో గుణించండి. జిమ్నీకి ఆ దూరం 82 మిల్లీమీటర్లు వస్తుంది.

పీసీడీ కలిసింది కదా అని సంబరపడకూడదు. మధ్య రంధ్రం కలవాలి. టయోటాది 106.1, ఇసుజుది దానికంటే చిన్నది. జిమ్నీ హబ్బు 108 మిల్లీమీటర్లు. రిమ్ము రంధ్రం 110 ఉంటే నట్లు బిగుస్తాయి, బండి కదులుతుంది, వేగం 80 దాటితే స్టీరింగ్ వణుకుతుంది. ఆ సందుని నింపే హబ్ రింగు వేయించుకోవాలి. నట్ల ఆకారం కూడా చూడండి. కొన్ని రిమ్ములకి కోను నట్లు, కొన్నిటికి వాషరున్న చదును నట్లు. టయోటా అల్లాయ్ నట్లు చదునువి ఉంటాయి, బయటి రిమ్ములు చాలావరకు కోను కోరతాయి. తప్పు నట్టు ఎంత బిగించినా దారిలో వదులవుతుంది. చక్రం ఊడిపోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. రిమ్ముతో పాటు దానికి తగ్గ నట్లు అడిగి తీసుకోండి.

తర్వాత ఆఫ్‌సెట్. ఎక్కువ బండ్లు పాడయ్యేది దీని దగ్గరే. రిమ్ము నడిమధ్య గీతకి, హబ్బుకి ఆనే ముఖానికి ఉన్న దూరం ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో. ఆ ముఖం గీతకి బయటి వైపు ఉంటే ప్లస్, లోపలి వైపు ఉంటే మైనస్. జిమ్నీ కంపెనీ రిమ్ము 15 అంగుళాలు, 5.5 వెడల్పు, ఆఫ్‌సెట్ ప్లస్ 5. దాని బదులు 7 వెడల్పు, మైనస్ 5 ఉన్నది వేశారనుకోండి. వెడల్పు ఒకటిన్నర అంగుళం పెరిగింది కాబట్టి ప్రతి పక్కకీ 19 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 10 మారింది కాబట్టి అంతా 10 బయటికి జరిగింది. మొత్తం బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది, లోపలి అంచు 9 లోపలికి వెళ్ళింది. ఒక్కో పక్క 29 అంటే చిన్నదిగా వినిపిస్తుంది. కానీ హబ్ బేరింగు మీద బరువు పడే చోటు మారిపోయింది. రాయి తగిలితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు కొడుతుంది. చక్రం మడ్‌గార్డు దాటి బయటికి రావడంతో బురదా, కంకరా డోర్ల మీదికి, వెనక వచ్చే బైకు అబ్బాయి ముఖం మీదికి ఎగురుతాయి. కంపెనీ ఆఫ్‌సెట్‌కి వీలైనంత దగ్గరగా ఉండండి. వెడల్పు కోసమని స్పేసర్లు మాత్రం వేయకండి. హబ్బుకి, చక్రానికి మధ్య ఇంకో ముక్క, ఇంకో జత నట్లు పెట్టి, బండల మీద ఎక్కిస్తే ఎప్పుడు ఏది వదులవుతుందో చెప్పలేం.

స్టీలా, అల్లాయా అని అడుగుతారు. స్టీలు దెబ్బ తగిలితే వంగుతుంది. పల్లెటూళ్ళో సుత్తితో సరిచేసి ఇంటికి వచ్చేయొచ్చు. అల్లాయ్ తేలిక, చూపుకి బాగుంటుంది, కానీ గట్టి దెబ్బకి పగులుతుంది. పగిలిన అల్లాయ్‌ని వెల్డింగ్ చేయించి మళ్ళీ వేసుకోవద్దు. జిమ్నీ జీటా వేరియంట్‌కి, థార్ ఏఎక్స్‌కి వచ్చే కంపెనీ స్టీలు రిమ్ములు ఆఫ్‌రోడ్‌కి చక్కగా సరిపోతాయి. అల్లాయే కావాలంటే బీఐఎస్ గుర్తు, మోయగలిగే బరువు రిమ్ము మీద అచ్చు వేసి ఉందో లేదో చూడండి. జపాన్ ప్రమాణం జేడబ్ల్యూఎల్ గుర్తు, వీఐఏ పరీక్ష గుర్తు ఉన్నవి ఇంకా మేలు. ఖరీదైన రిమ్ము డిజైన్‌ని కాపీ కొట్టి, బరువు అంకె లేకుండా అమ్మేవి ఉన్నాయి. మీ కుటుంబం బరువు మోయాల్సిన వస్తువు అది.

చట్టం గురించి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మీ మోడల్లో ఏదో ఒక వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చిన సైజు వేసుకుంటే మీ వాదనకి బలం ఉంటుంది. ఏ మార్పు చేసినా ఇన్సూరెన్సు కంపెనీకి రాసి తెలియజేయండి, లేకపోతే క్లెయిమ్ సమయంలో టెన్షన్ పడాలి.

వెనక నుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు, నాలుగు కొత్తవి వేసి స్టెప్నీ పాతదే ఉంచొచ్చా అని. ఒద్దు తమ్ముడూ. ఎత్తు తేడా ఉన్న చక్రంతో ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలూ తోసే గేరు, వేసి గట్టి నేల మీద నడిపితే ముందు, వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి, రెండు ఇరుసులకీ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. సరిగ్గా అడవి మధ్యలో, ఫోర్ బై ఫోర్ అవసరమైనప్పుడే స్టెప్నీ ఎక్కుతుంది. ఐదూ ఒకటే కొనండి. ఐదింటినీ వరసగా మారుస్తూ వాడితే అన్నీ సమానంగా అరుగుతాయి. బడ్జెట్ చాలకపోతే రిమ్ములు మానేసి ఐదో టైరు కొనుక్కో.

ఎక్కించిన రోజు చేయాల్సినవి కొన్ని. స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూడండి. తర్వాత ఒక ముందు చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి, స్ప్రింగు బాగా నొక్కుకున్నప్పుడు మళ్ళీ తిప్పండి. సమతలం మీద తగలని టైరు అప్పుడు తగులుతుంది. నట్లు టార్క్ రెంచితో, బండి పుస్తకంలో రాసిన బిగువుకి బిగించాలి. గాలి గన్నుతో దడదడలాడించి వదిలేస్తే ఒప్పుకోకండి. 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించి చూడాలి. సైజు మారితే డోరు పక్కన రాసిన గాలి అంకె అచ్చంగా వర్తించదు. టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి తిన్నగా కాస్త దూరం నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. బురదలోంచి వచ్చాక రిమ్ము లోపలి వైపు కూడా కడగండి. అక్కడ ఎండిన రేగడి ముద్దతో బ్యాలెన్సింగ్ పోయి స్టీరింగ్ వణికితే, టైరు పాడైందనుకుని షాపుకి పరిగెత్తేవాళ్ళున్నారు. గ్రిప్పు 1.6 మిల్లీమీటర్లకి అరిగితే చట్టం ప్రకారం మార్చాలి. బురదలో తిరిగేవాళ్ళు ఇంకా ముందే మార్చుకోవాలి.

బయట పార్కింగులో ఒక జిమ్నీ, ఒక థార్ ఏఎక్స్ పెట్టించాం. టేపులు, గేజీలు బల్ల మీద ఉన్నాయి. మీ బండి నంబరు, ఇప్పుడున్న సైజు ఒక కాగితం మీద రాసుకుని రండి. మొదట పీసీడీ, ఆఫ్‌సెట్ కొలవడం చూపిస్తాను, తర్వాత ఒక్కో బండి దగ్గరికి వెళ్ళి మాట్లాడుకుందాం.